ఇస్త్రీ బల్ల వెనక కాబోయే మేయరు

మా నగరానికి మేయరు ఎన్నికలు దగ్గర పడేసరికి మా ఇంట్లో ఎవరి ఓటు ఎవరికో అందరికీ తెలిసిపోయింది, నాది తప్ప. దాచానని కాదు. నాకే తెలియదు.

అత్తగారి ఓటు రేడియోగారిది. ఆయన ఇప్పుడు ఉప మేయరు గానీ అంతకు ముందు ఏళ్ళ తరబడి రేడియోలో వాతావరణ వార్తలు చదివారు. ఆ గొంతు వింటూనే మా అత్తగారు పిల్లల్ని పెంచి పెద్ద చేశారు. ఆయన వాన పడుతుందన్న రోజు పడకపోతే ఆకాశాన్ని తప్పు పట్టేవారే తప్ప ఆయన్ని ఒక్క మాట అననిచ్చేవారు కాదు. మా ఆయన ఓటు బిల్డరుగారిది. ఆయనెందుకని అడిగితే “కట్టడమైనా వచ్చు కదా” అంటారు. లెక్కల మాస్టారు, వచ్చినంతకు మార్కులు వేసెయ్యడం అలవాటు. ఆ బిల్డరుగారు అభ్యర్థుల చర్చలకు రానేరానని ప్రకటించారు. తన పనులే మాట్లాడతాయట. నిజమే, మా వీధి చివర ఆయన కట్టిన భవనం గాలి గట్టిగా వీస్తే మాట్లాడుతుంది. అందులో కాపురం ఉంటున్నవాళ్ళే చెప్పారు.

ఇక మా ఆడపడుచు. ఇంట్లో అందరం పిడుగు అంటాం, ఎందుకో ఒక్కసారి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అది ఓటే కాదు, బతుకుతెరువు కూడా తీసుకెళ్ళి ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది. బ్యాంకులో కుదురైన ఉద్యోగం మానేసి ఆవిడ ప్రచారంలో చేరింది. ఇంజనీరమ్మ అంటే నగర నీటి సరఫరా శాఖలో చిన్న ఇంజనీరుగా చేరి పెద్ద ఇంజనీరుగా బయటికొచ్చిన మనిషి. ఈ ఊళ్ళో నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. నేల పైన, నలుగురి ముందు, మైకు పట్టుకుని చెప్పడం దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటి చర్చ మేమందరం టీవీలో చూశాం. రేడియోగారు తన తేనె గొంతుతో, “అమ్మా, గొట్టాల గురించి చాలా బాగా చెప్పారు. మరి మనుషుల సంగతేమిటి?” అని అడిగారు. అంతే. ఇంజనీరమ్మ నోరు తెరిచింది, మూసింది. ముందున్న సీసా తీసుకుని గ్లాసులో నీళ్ళు పోసుకోసాగింది. పోస్తూనే ఉంది. గ్లాసు పొంగి బల్ల తడిసి, కాగితాలు తడిసి, చివరికి వ్యాఖ్యాత లేచి సీసా పట్టుకోవలసి వచ్చింది. నీటి ఇంజనీరు గ్లాసు పొంగించిందని ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వింది. మా అత్తగారు నవ్వలేదు. “పాపం, ఆయన ప్రశ్న కూడా ఎంత మర్యాదగా అడిగారో చూడు” అన్నారు.

మర్నాడు పిడుగు వచ్చి, భుజాన సంచీ అలాగే ఉండగా సోఫాలో కూలబడింది.

“వదినా, నా పని అయిపోయింది.”

“టీ తాగి అయిపోతావా, అలాగే అయిపోతావా?”

“నవ్వకు. ప్రచారం పెద్ద తేల్చి చెప్పేశాడు. ఆవిడకి మాట నేర్పించే బాధ్యత నాది కదా. రెండో డిబేట్‌లో కూడా ఆవిడ నోరు పెగలకపోతే నన్ను ఇంటికి పొమ్మన్నాడు. ఆవిడ కూడా ఇంటికే అనుకో. బ్యాంకు వాళ్ళు మళ్ళీ రానిస్తారా? అమ్మ ఏమంటుందో తెలుసుగా?”

అమ్మ ఏమంటుందో లోపలి గదిలోంచి వినపడింది. “నేనేమీ అనను. అనాల్సింది అప్పుడే అన్నాను.”

పిడుగు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. చర్చకు ముందు సాధన చేయిస్తారట. ఎవరో ఒకరు రేడియోగారి పాత్ర వేసి ఆయనలా ప్రశ్నలు వెయ్యాలి, ఇంజనీరమ్మ జవాబు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆ పాత్ర ఒక లాయరుగారు వేశారు.

“ఆయనకేమో రేపు ఈవిడ మేయరయితే ఏదైనా పదవి రాకపోతుందా అని ఆశ. ఒక ప్రశ్న వెయ్యడం, ఆవిడ నోరు తెరవకముందే ‘ఆహా, చాలా బాగా చెప్పారు మేడమ్’ అనడం. ఇలాగైతే ఆవిడకి మాటెలా వస్తుంది? ఆవిడ దగ్గర ఏమీ ఆశించని మనిషి కావాలి వదినా. చదువుండాలి, వెటకారం ఉండాలి, మధ్యాహ్నాలు ఖాళీ ఉండాలి.”

“మూడోది తప్ప మిగతావి ఉన్నాయి.”

“అబ్బా, నీకేం పనుంటుంది మధ్యాహ్నం?”

ఈ ఒక్క మాటకే నేను ఒప్పుకున్నానని పిడుగుకి ఇప్పటికీ తెలియదు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో నేను గెలిచిన కప్పులు రెండు ఇంట్లోనే ఉన్నాయి. పెద్దదాంట్లో గరిటెలు పెట్టుకుంటాను.

ప్రచారం ఆఫీసులో గోడకో చెవి ఉందని సాధన మా హాల్లోనే పెట్టుకున్నాం. మైకు బల్లకి బదులు ఇస్త్రీ బల్ల. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంతకన్నా మంచి ఉపన్యాసం బల్ల ఎక్కడ దొరుకుతుంది? దాని వెనక ఇంజనీరమ్మ. ఎదురుగా భోజనాల కుర్చీ వీపు పట్టుకుని రేడియోగారు, అంటే నేను. మధ్యలో మోడా మీద వ్యాఖ్యాతగా పిడుగు. అత్తగారు తన అభిమాన నాయకుడి పరువు కోడలి చేతిలో పడిందని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పూర్తిగా కాదు, వినపడేంత సందు ఉంచి.

ఇంజనీరమ్మ పొడుగ్గా, బక్కగా, కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వంటింటి వైపు చెవి పెట్టి, “మీ కుళాయి పైన కాదు, అడుగున కారుతోంది” అంది. అదే ఆవిడ నాతో అన్న మొదటి మాట. ఆ మాటలో తడబాటే లేదు.

నేను మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆ ముందు రోజు రేడియోగారి ఉపన్యాసాలన్నీ పప్పు ఏరినట్టు ఏరాను. చదివినకొద్దీ నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన మాటలు వట్టి తేనె కాదు. ప్రతి పేటకీ ఒక బస్సు, ప్రతి బస్సుకీ వేళ అన్నది మంచి ఆలోచనే. పాత గొట్టాలన్నీ ఒక్కసారిగా తవ్వితే ఊరు ఏళ్ళ తరబడి గుంతల్లో పడి ఉంటుందన్నదీ అబద్ధం కాదు. రెండో రోజు సాధన అయ్యేసరికి నా వాదన నాకే ఎంత నచ్చిందంటే, ఓటు రేడియోగారికే వేసేద్దామనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట అంటే మా ఆయన చెయ్యి ఆగిపోయింది. “నువ్వు ఆవిడకి సాయం చేస్తున్నావా, లేకపోతే...”

“సాయమేనండీ. కాకపోతే నన్ను ఓడించేంత జవాబు ఇంకా రాలేదు.”

“మా బిల్డరుగారి సంగతి కూడా కాస్త చూడరాదూ?”

“ఆయన పనులు మాట్లాడుతున్నాయిగా. నేనెందుకు మధ్యలో?”

మూడో రోజు ఇంజనీరమ్మ తన ప్రణాళిక పుస్తకం నాకిచ్చింది. వీధి వీధికీ కొత్త గొట్టాలు, ఇంటింటికీ కొత్త మీటరు, ఎప్పుడు తిప్పినా నీళ్ళు. చక్కగా ఉంది. ఇంటింటికీ మీటరు బిగించే పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం నా కళ్ళు ఆగాయి. సిబ్బంది వచ్చే రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండవలెను, అని.

నేను కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి, గొంతు వీలైనంత లావు చేశాను.

“అమ్మా, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలని రాశారు. ఎవరండీ ఆ ఎవరో ఒకరు?”

ఇంజనీరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “అంటే... ఇంట్లోవాళ్ళే. ఎవరైనా.”

“చెత్త బండి పొద్దున్న ఎప్పుడో వస్తుంది, ఎవరో ఒకరు ఉండాలి. నీళ్ళు పట్టపగలు వదులుతారు, ఎవరో ఒకరు పట్టాలి. మీటరు చూసేవాడు రేపు వస్తానంటాడు. ఏ రేపో చెప్పడు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ నగరం మొత్తం ఆ ఎవరో ఒకరి మీదే నడుస్తోంది. ఆ మనిషికి మీరు జీతమివ్వరు. పోనీ వేళైనా చెప్పరు. రేపు ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే, సినిమాకి పోవాలనిపిస్తే, ఉద్యోగం దొరికితే, మీ గొట్టాలు ఏం చేస్తాయండీ?”

గొంతు లావు ఎప్పుడు పోయిందో, నా గొంతు ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు. గది తలుపు సందు ఇంకాస్త పెద్దదయింది.

ఇంజనీరమ్మ నోరు తెరిచింది. మూసింది. చెయ్యి అలవాటుగా నీళ్ళ కోసం వెతికింది. ఇస్త్రీ బల్ల మీద నీళ్ళ సీసా లేదు. ఉంచలేదు, కావాలనే.

“వదినా!” పిడుగు మోడా మీంచి లేచింది. “రేడియోగారు ఇలాంటి ప్రశ్న చచ్చినా అడగరు. ఆయన అడిగేది డబ్బెక్కడిది, గుంతలెప్పుడు పూడుస్తారు, ఇంతే. నువ్వు టైము పాడు చేస్తున్నావ్.”

“ఆయన అడగరనే నేనడుగుతున్నా.”

“నువ్వు నువ్వు కాదు, నువ్వు ఆయన!”

“ఉండమ్మా” అంది ఇంజనీరమ్మ, పిడుగుతో. నా వైపు తిరిగి నిజం చెప్పేసింది. “నా దగ్గర జవాబు లేదు వదినగారూ. రేపు మళ్ళీ అడగండి.”

మర్నాడు మళ్ళీ అడిగాను. జవాబు లేదు. ఆ తరువాతి రోజూ అంతే. మిగతా ప్రశ్నలన్నిటికీ మాత్రం ఆవిడ నోరు రోజురోజుకీ తిరగసాగింది. డబ్బెక్కడిదంటే వెనక్కి తగ్గకుండా చెప్పేది. గుంతలంటే ఒక వీధి పూడ్చకుండా ఇంకో వీధి తవ్వనని బల్ల గుద్దేది. అది ఇస్త్రీ బల్ల కాబట్టి కాళ్ళు ముడుచుకుని కూలిపోయేది. లేపి నిలబెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. పిడుగు నన్ను పిలిచే పిలుపే ఆవిడకీ అంటుకుంది. వదినగారూ కాస్తా వదినా అయింది. “చూడండి వదినా, ఆ లెక్క మీరు తప్పు చెప్తున్నారు” అని వేలు చూపించి మరీ పోట్లాడేది. ఆ పిలుపులో పొంచి ఉన్న ప్రమాదం మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథే లేదు.

రెండో చర్చ రోజు పిడుగు మాకు పాసులు తెచ్చింది. అత్తగారు రేడియోగారిని కళ్ళారా చూడాలని మంచి చీర కట్టుకుని బయలుదేరారు. మా ఆయన పరీక్ష పేపర్లున్నాయని ఇంట్లో ఉండిపోయారు. నగర సభామందిరం కిటకిటలాడుతోంది. ఒక వైపు రేడియోగారి మనుషులు, ఇంకో వైపు ఇంజనీరమ్మ మనుషులు, మధ్యలో ఎవరి మనుషులమో తెలియని నాలాంటివాళ్ళు. ఈలలు, చప్పట్లు, బల్లల మీద మోతలు. పిడుగు వేదిక పక్కన తెర అంచు పట్టుకుని నిలబడింది. దాని పక్కనే చేతులు కట్టుకుని ప్రచారం పెద్ద. ఆ చేతులు ఈ రాత్రి విడిపోతే చప్పట్లకైనా విడిపోవాలి, దాన్ని బయటికి పంపడానికైనా విడిపోవాలి.

మొదటి రెండు ప్రశ్నలకీ ఇంజనీరమ్మ బాగానే చెప్పింది. మరీ బాగా కాదు, తడబడకుండా. మందిరంలో గుసగుస పుట్టింది: పరవాలేదే, మాట్లాడుతోందే! పిడుగు నా వైపు చూసి బొటనవేలు పైకెత్తింది. నాకు ఊపిరి ఆడింది.

అప్పుడు రేడియోగారు మెల్లగా ఆవిడ వైపు తిరిగారు. తెల్లటి జుట్టు, గుబురు మీసం, నిలువెత్తు మనిషి. “అమ్మా, ఈ గొట్టాలన్నిటికీ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?”

ఇది మేము నలిపి నలిపి పిండి చేసిన ప్రశ్న. ఇంజనీరమ్మ ముఖం వెలిగిపోయింది. తల ఎగరేసి, వేలు చూపించి, మందిరం మొత్తం ఖంగుమనేలా అంది:

“చూడండి వదినా...”

ఆగిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరువాత మందిరం పేలిపోయింది. నవ్వులు, ఈలలు, కేకలు. వెనకనుంచి ఎవరో, “ఓ వదినో!” అని అరిచారు. పిడుగు తెరలో ముఖం దాచుకుంది. ప్రచారం పెద్ద చేతులు విప్పి నెత్తిన పెట్టుకున్నాడు. నేను కుర్చీలోంచి జారి కిందికి పోతే బాగుండుననుకున్నాను. అత్తగారు నా మోచెయ్యి పొడిచారు. “అమ్మాయ్, అది నిన్నే కదూ?”

రేడియోగారు నవ్వు సద్దుమణిగేదాకా ఆగారు. ఆగడం ఆయనకు తెలుసు. “అమ్మా, ఇన్నేళ్ళలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. వదినా అన్నది మీరొక్కరే.”

మళ్ళీ పేలింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను, మాట అంత బాగుంది. కానీ ఇంజనీరమ్మ చెయ్యి నీళ్ళ సీసా మీదికి పోవడం చూసి నవ్వు ఆగిపోయింది. సీసా మూత తీసింది. గ్లాసు దగ్గరికి జరుపుకుంది. అయిపోయింది, ఇక ఇంటికే, ఇద్దరూ.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. అరవలేదు, చెయ్యి ఊపలేదు. ఊరికే నిలబడ్డాను, ముందు కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి, మా హాల్లో నిలబడినట్టే. వెనకాయన “కూర్చోండమ్మా, కనపడట్లేదు” అని గొణిగాడు. ఇంజనీరమ్మ తల ఎత్తింది. నన్ను చూసింది.

సీసా బల్ల మీద పెట్టేసింది. నవ్వింది, ముందు కొంచెం, తరువాత పళ్ళన్నీ కనపడేలా.

“క్షమించాలి” అంది మైకులో. “ఈ వారమంతా నేను మీతో పోట్లాడుతూనే ఉన్నానండీ. కాకపోతే మీరు లేరు. మీ బదులు ఒకావిడ నిలబడి నన్ను ప్రశ్నలడిగారు, వాళ్ళింటి హాల్లో, ఇస్త్రీ బల్ల దగ్గర. ఆవిడే వదిన. నిజం చెప్పొద్దూ, మీకంటే ఆవిడే గట్టిగా అడిగారు.”

ఈ నవ్వు వేరు. రేడియోగారి మనుషులు కూడా నవ్వారు.

“డబ్బు లెక్క నా దగ్గరుంది, చెప్తాను. దానికి ముందు ఆవిడ అడిగిన ఒక ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. రోజూ అడుగుతూనే ఉన్నారు, నేను తెల్లముఖం వేస్తూనే ఉన్నాను.” ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్న వాక్యం ఆవిడ చదివి వినిపించింది. చెత్త బండి, పట్టపగటి నీళ్ళు, ఏ రేపో చెప్పని మీటరువాడు, అన్నీ చెప్పింది, నా మాటల్లోనే. నవ్వులు పోయాయి. ఆడవాళ్ళ వరసల్లో ఒక కదలిక పుట్టింది, గాలి వీచినట్టు.

“ఆ వాక్యం రాసింది నేనే. రాసేటప్పుడు ఆ ఎవరో ఒకరు ఎవరా అని అనుకోనేలేదు. మా ఇంట్లో అయితే మా అమ్మ ఉంటుంది, అంతే. ఇవాళ మధ్యాహ్నం ఆ వాక్యం కొట్టేశాను. ఏ వీధికి ఎప్పుడు రావాలో ఆ వీధివాళ్ళనే అడుగుతాం. సాయంత్రాలూ సెలవు రోజులూ కూడా పని చేస్తాం. చెత్త బండి వచ్చే వేళ చెప్పే వస్తుంది. దీనివల్ల నా పని ఇంకో ఏడాది ఎక్కువ పడుతుంది. మొదట చెప్పిన గడువు తప్పుతుంది. ఆ తప్పు నాదే. ఇది నచ్చనివాళ్ళు నాకు ఓటెయ్యక్కర్లేదు.”

తెర దగ్గర ప్రచారం పెద్ద నెత్తి మీద చేతులు అలాగే ఉంచుకుని నోరు తెరిచాడు. గడువు తప్పుతుందని చెప్పమని ఆయన చెప్పి ఉండడు.

వ్యాఖ్యాత తెలివైన పిల్ల. వెంటనే రేడియోగారి వైపు తిరిగింది. “ఆ వదినగారి ప్రశ్న మీకు కూడా వెయ్యొచ్చా? మీ పాలనలో ఆ ఎవరో ఒకరి సంగతేమిటి?”

రేడియోగారు చిరునవ్వు నవ్వారు. ఆ తేనె గొంతు మందిరమంతా పరుచుకుంది.

“ఆ విషయాలన్నీ... మా ఇంట్లో మా ఆవిడే చూసుకుంటుంది.”

నవ్వు వస్తుందని ఆయన ఆగారు. ఆగడం ఆయనకు తెలుసునని చెప్పానుగా. చాలాసేపు ఆగారు. నవ్వు రాలేదు.

“ఏమన్నాడు?” అన్నారు అత్తగారు.

ఆయన్ని ‘డు’ అనడం నేను వినడం అదే మొదటిసారి. “వినపడింది కదా అత్తయ్యా.”

“వినపడింది. అందుకే అడుగుతున్నా.”

అంతలో ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంజనీరమ్మకి. రెండో వరస అందుకుంది. ఆ తరువాత నాకు వరసలు కనపడలేదు, అందరూ లేచి నిలబడ్డారు. ఆ హోరులోనే ఆవిడ డబ్బు లెక్క మొత్తం చెప్పేసింది. ఎవరు విన్నారో దేవుడికి తెలియాలి. పిడుగు మాత్రం విందట, ఒక్క అంకె కూడా తప్పలేదట.

బయట నడవాలో పిడుగు వచ్చి నా మెడ కావలించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియడం లేదు. “ఏమన్నాడే మీ పెద్ద?” అని అడిగాను.

“మొదట ‘ఎవరా వదిన, ఇంత కొంప ముంచింది?’ అన్నాడు. ఐదు నిమిషాలు ఫోన్లు మోగేసరికి ‘ఎవరమ్మా ఆ వదిన, మనకి పోస్టరు వేద్దామా?’ అన్నాడు. నన్ను ఎన్నికలయ్యేదాకా కదలొద్దన్నాడు. వదినా, నేనున్నాను!”

“ఉన్నావు సరే, మెడ వదులు.”

వెనకే ఇంజనీరమ్మ వచ్చింది. చుట్టూ కెమెరాలు. వాటన్నిటినీ తోసుకుని నా దగ్గరికొచ్చి, మైకులో లేని గొంతుతో అడిగింది. “వదినా, జవాబు సరిపోయిందా?”

నిజమే చెప్పాను. “సగం. వేళ అడుగుతామన్నారు, బాగుంది. అడిగితే చెప్పేది కూడా ఆ ఎవరో ఒకరే. ఆవిడ ఇల్లు కదిలే దారి ఇంకా చెప్పలేదు.”

ఆవిడ ముఖం చిన్నబోలేదు. తల ఊపి, చేతిలో ఉన్న ప్రణాళిక పుస్తకం వెనక ఏదో గీసుకుంది. ఆ గీత చూశాకే నా ఓటు తేలిపోయింది. రేడియోగారి దగ్గర బస్సులున్నాయి, మంచివే. ఆయనకు నేనేమి చెప్పినా ఒక చక్కటి మాటగా తిరిగొస్తుంది. ఈవిడకు చెబితే పుస్తకం మీద గీత పడుతుంది. నేను ఇంకో ఏడాది నీళ్ళు పట్టుకోవడానికి సిద్ధపడ్డాను.

“మిగతా సగం ఎప్పుడడుగుతారు?” అంది.

“మీరు గెలిచాక, మేయరు గదికే వస్తాను. అప్పుడు గొంతు లావు చెయ్యను.”

ఇంటికి బస్సెక్కాం. బస్సు నిండా మందిరం నుంచి వచ్చినవాళ్ళే. సీటు సీటుకీ చర్చ. ఆ వదిన ఇంజనీరమ్మకి సొంత అన్న భార్య అని ఒకావిడ, కాదు, డబ్బిచ్చి తెచ్చిన నటి అని ఇంకొకాయన, అసలు వదినే లేదు, తడబాటు కప్పిపుచ్చుకోవడానికి అప్పటికప్పుడు పుట్టించిందని కండక్టరు. నేను కిటికీలోంచి వీధి దీపాలు చూస్తూ కూర్చున్నాను. అత్తగారు పెదవులు బిగించుకుని కూర్చున్నారు. ఆ బిగింపు ఎంతోసేపు ఆగదని నాకు తెలుసు.

“ఎవరేమన్నా రేడియోగారి గొంతే గొంతు” అంది మా ముందు సీటావిడ.

“గొంతుకేం, బాగానే ఉంది” అన్నారు అత్తగారు. “వాళ్ళావిడ గొంతు ఎప్పుడైనా విన్నావా?”

ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. కండక్టరు కూడా తిరిగాడు.

“ఇంకో మాట. నటీ కాదు, కట్టుకథా కాదు. ఆ వదిన ఇదిగో, మా కోడలు. ఇంత తెలివుందని నాకు ముందే తెలుసు, చెప్తే నెత్తికెక్కుతుందని చెప్పలేదు.”

బస్సంతా ఒక్కసారి నా వైపు ఒరిగింది. అయితే మా వీధి దీపాల సంగతి అడగండి వదినా అని ఒకరు, ఆసుపత్రి దగ్గర బస్సు ఎందుకు ఆగదో అడగండి అని ఒకరు, పిల్లల్ని బడి వదిలే వేళకి మేమెలా రావాలో అడగండి అని ఇంకొకరు. కండక్టరు టిక్కెట్లు మరిచిపోయి, “ముందు నాది రాసుకోండి వదినా” అంటూ జనాన్ని తోసుకుని వస్తున్నాడు.